తేలిక సైకిళ్లు – బరువైన ముచ్చట్లు

ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నర గంటలకు మా యింటి వీధితలుపు గడియ తీసిన చప్పుడవుతుంది. పూర్వం ఆ వేళకు తలుపు తీసేది పండుగనాడు ముగ్గు వేయబోయే యిల్లాలు మాత్రమే. ఇప్పుడు తీసేది మా మేనల్లుడు. వాడు దొంగవలె అడుగులో అడుగు వేసుకుంటూ, సైకిలును భుజాన పెట్టుకుని మెట్లు దిగుతాడు. అవును, సైకిలు వాణ్ణి మోయబోయే ముందు వాడే సైకిలును మోస్తాడు!

వాడు బరంపురంలో ఉన్న మా చెల్లెలి కొడుకు. ఉద్యోగం దొరికి బెంగుళూరు వచ్చి నాలుగేళ్లయింది. మా యింటనే ఉంటున్నాడు. వాణ్ణి దిగబెట్టి వెళ్లేనాడు మా చెల్లెలు రైలు కిటికీలోనుంచి, "అన్నయ్యా, వాడు నీ కళ్లయెదుట ఉన్నాడంటే నాకు నిద్ర పడుతుంది" అన్నది. నేను తల ఊపాను. తల ఊపడం తేలికే. ఆ మాట బరువు తరువాత తెలిసివచ్చింది. ఆ సంగతి దాని చోట మనవి చేస్తాను.

నాకూ సైకిలుకూ ఋణానుబంధం పాతదే. మా నాన్నగారి సైకిలు ముందు కడ్డీమీద తువ్వాలు మడిచి వేసుకుని కూర్చుని బడికి వెళ్లినవాణ్ణి. తరువాత అదే సైకిలు మీద మల్లేశ్వరం నుండి యశవంతపురం దాకా ముప్పయ్యేళ్లు ఉద్యోగానికి వెళ్లినవాణ్ణి. ఆ రోజులలో సైకిలుకు మెరుగులు దిద్దడమంటే ఏదో ఒకటి తగిలించడమే. వెనుక క్యారియరు, ముందు బుట్ట, డైనమో దీపం, గొలుసు మీద రేకు కప్పు, సీటుకు ముఖమల్ తొడుగు, హబ్బులకు రంగురంగుల కుచ్చులు – ఇన్ని తగిలించిన మా సైకిలు ఇరవై కిలోలకు తక్కువ తూగేది కాదు. ఇప్పటి వారి మెరుగులు అందుకు సరిగా తలక్రిందులు. వీరు తీసివేస్తారు. స్టాండు లేదు, క్యారియరు లేదు, మడ్‌గార్డు లేదు. మా మేనల్లుడి సైకిలు మొత్తం కలిపి ఎనిమిదిన్నర కిలోలు. తక్కువ సామానుకు ఎక్కువ డబ్బు ఇవ్వడమేమిటో నాకు మొదట్లో బోధపడలేదు.

"ఒక ఆదివారం మీరే వచ్చి మా వాళ్ల మాటలు వినండి మామయ్యా" అన్నాడు వాడు. సరేనన్నాను.

ఇడ్డెన్ల హోటలు దగ్గర

బెంగుళూరికి ఉత్తరాన సుమారు అరవై కిలోమీటర్ల దూరాన నందికొండ ఉన్నది. సముద్రమట్టానికి 1,478 మీటర్ల ఎత్తు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు పుట్టిన ముద్దేనహళ్లి ఆ కొండ దాపునే. చిక్కబళ్లాపురం, బాగేపల్లి, కోలారు వైపులంతా మన తెలుగు మాట వీధి వీధినా వినబడుతుంది. బెంగుళూరు సైకిలు ప్రియులకు ఈ కొండ తిరుపతి వంటిది. ఒక్కసారైనా ఎక్కనివాడు సైకిలువాడే కాడట.

నేను పొరుగువారి కారులో వెళ్లి, కొండదారిలో ఉన్న ఒక చిన్న ఇడ్డెన్ల హోటలు ముందు బల్లమీద కూర్చున్నాను. ఎనిమిది గంటలకు కొండ ఎక్కి దిగినవారు ఒకరొకరుగా వచ్చి చేరారు. పదిమంది దాకా ఉంటారు. సైకిళ్లన్నీ గోడకు వరుసగా ఆనించారు. హోటలు నడిపే అవ్వ మా వాణ్ణి అడిగింది:

"ఏమప్పా, ఈ సైకిలు ఎంతకు కొంటివి?"

వాడు ఉన్న ధరలో ఒక సున్న తగ్గించి, "పన్నెండు వేలవ్వా" అన్నాడు.

"పన్నెండు వేలా! నా కొడుకు అయిదు వేలకు తెచ్చినాడు. దానికి క్యారియరు గూడా ఉండాది!"

అందరూ నవ్వారు. మా వాడు తల దించుకుని ఇడ్డెను తుంచాడు.

ఇక మాటలు మొదలైనవి. పెళ్లిసంబంధాలు చూసేవారు గోత్రం అడిగినట్లు వీరు మొట్టమొదట "ఏ గ్రూప్‌సెట్టు?" అని అడుగుతారు. పెడలు కాళ్లు, ముందు పళ్లచక్రాలు, వెనుక పళ్లచక్రాల గుత్తి, గొలుసు, గొలుసును ఒక చక్రం మీదినుంచి మరొక చక్రం మీదికి మార్చే డిరైలరు, చేతి మీటలు, బ్రేకులు – వీటన్నిటినీ ఒకదానికొకటి కుదిరేటట్లు ఒకే కంపెనీవారు చేసి ఇచ్చిన కుదురే గ్రూప్‌సెట్టు. ఈ వ్యాపారంలో పెద్దవారు ముగ్గురు. 1921లో జపానులోని సకాయి పట్టణంలో ఫ్రీవీలు తయారీతో మొదలుపెట్టిన షిమానోవారు, 1933 నుండి ఇటలీలోని విచెన్జాలో ఉన్న కంపన్యోలోవారు, 1987లో అమెరికాలోని షికాగోలో పుట్టిన శ్రామ్‌వారు. షిమానోవారి సరుకులో క్లారిస్, సోరా, టియాగ్రా, 105, అల్టెగ్రా, డ్యూరా-ఏస్ అని మెట్లున్నవి. మునసబు కోర్టు నుండి హైకోర్టు దాకా ఉన్నట్లే!

అందులో ఒకరు బ్యాంకి ఉద్యోగి. ఆయన సైకిలుకు గేర్లు మార్చేది తీగె కాదు, విద్యుత్తు. మీట నొక్కితే చిన్న మోటారు గొలుసును జరుపుతుంది. షిమానోవారు దీనిని 2009లో డి-ఐ-టూ అనే పేరుతో డ్యూరా-ఏస్‌లో తెచ్చారు. "వెన్నలో కత్తి దిగినట్లు మారుతుంది" అన్నారాయన.

"బ్యాటరీ నింపడం మరచిన రోజున ఒకే గేరులో ఇల్లు చేరారు గదా, అదిన్నీ చెప్పండి" అన్నది పక్కనున్న అమ్మాయి. ఆమె హోసూరులో పుట్టి పెరిగిన తెలుగింటి పిల్ల, ఇంజనీరు. ఆమె మాటకు బ్యాంకి ఉద్యోగే అందరికన్న గట్టిగా నవ్వారు.

అడుగుల లెక్క

నాకు గేర్ల సంగతి విప్పి చెప్పింది ఒక తమిళ పెద్దమనిషి. రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవారు. ఆయన సైకిలు నలభై ఏళ్లనాటి ఉక్కు సైకిలు. దాని పక్కన కార్బన్ సైకిళ్లు పట్టుచీరలవలె మెరుస్తున్నా, వాటి యజమానులందరూ సందేహం వచ్చినప్పుడు ఆయన దగ్గరకే వస్తున్నారు.

"మీ పాత సైకిలుకు ముందు 44 పళ్లు, వెనుక 18 పళ్లు ఉండేవా? అయితే పెడలు ఒకసారి తిరిగితే సైకిలు పద్ధెనిమిది అడుగులు ముందుకు పోయేది. మైదానంలో బాగానే ఉంటుంది. కొండమీద ఆ పద్ధెనిమిది అడుగులూ తొక్కాలంటే మోకాలి చిప్ప చెప్పుకుంటుంది. వీరి సైకిళ్లకు ముందు 50, 34 పళ్లవి రెండు చక్రాలు. వెనుక 11 పళ్ల నుండి 34 పళ్ల దాకా ఒక గుత్తి. 34కు 34 వేసుకుంటే పెడలు చుట్టుకు ఏడడుగులే. మెల్లగా పోతాడు గాని దిగి నెట్టనక్కరలేదు. 50కి 11 వేసుకుంటే ముప్పయ్యొక్క అడుగులు. వాలులోనూ, గాలి వెనుకనుంచి వీచేటప్పుడూ దాని పని."

ఇది విన్న తరువాత గేర్లు విలాసం కాదనీ, ఒకే కాలికి పలురకాల దారులు నేర్పే ఉపాయమనీ నాకు తోచింది.

అయితే ఈ ఉపాయాన్ని పెద్దలందరూ మెచ్చలేదట. 1903లో ప్రారంభమైన టూర్ ద ఫ్రాన్స్ పందెంలో మేటి జట్లవారికి 1937 వరకు డిరైలరు వాడడానికి అనుమతే లేదు. పందెం నడిపిన ఆన్రీ దెగ్రాంజ్‌గారికి అది మనిషి సత్తువకు వంచన అని అభిప్రాయం. అందుచేత అప్పటి వీరులు వెనుక చక్రానికి రెండువైపులా వేరువేరు పళ్లచక్రాలు బిగించుకుని, కొండ మొదట్లో దిగి, చక్రం ఊడదీసి, తిప్పి బిగించుకునేవారు. 1920ల దశాబ్దంలో ఇటలీలో ఒక కొండ పందెంలో తూలియో కంపన్యోలో అనే ఆటగాడికి చలికి వేళ్లు కొంకర్లుపోయి చక్రం మరలు ఊడిరాలేదనీ, ఆ కసితోనే ఆయన ఒక్క మీట తిప్పితే చక్రం ఊడివచ్చే సాధనాన్ని 1930లో కనిపెట్టారనీ చెప్పుకుంటారు. ఈనాడు మేలురకం సైకిళ్లలో ఎన్నింటికో ఆ మీటే ఉన్నది.

"చూశారా, ఒకరి వేళ్లు నొప్పెట్టినందున పుట్టిన వస్తువు అది. పక్కవాడి సైకిలు చూసి పుట్టలేదు" అన్నారు రైల్వే పెద్దాయన. ఆయన ఎవరివంకా చూడకుండానే అన్నారు. మా మేనల్లుడు మాత్రం కాఫీ గ్లాసు వంక చూశాడు.

టైరా, చక్రమా?

ఆనాడు పెద్ద వాదం మా వాడి గురించే. వాడికి కార్బన్ చక్రాలు కొనాలని మోజు. కార్బన్ పోగులను జిగురుతో అతికి అచ్చులో కాల్చిన రిమ్ములవి. అల్యూమినియం చక్రాలకన్న తేలిక. తెలిసినవారొకరు వాడినవి అమ్ముతున్నారు. వాడినవైనా అరవై వేలు.

"ఎంత బరువు తగ్గుతుంది?" అన్నది హోసూరు అమ్మాయి.

"నాలుగు వందల గ్రాములు."

ఆమె బల్లమీద నీళ్లతో వేలిరాత రాస్తూ లెక్క కట్టింది. "నువ్వు డెబ్బయి కిలోలు, సైకిలూ నీళ్లసీసా పది కిలోలు. మొత్తం ఎనభై. ఎక్కుడులో నీ శక్తంతా ఈ ఎనభై కిలోలను పైకి లాగడానికే. ఒక కిలో తగ్గితే వందకు ఒకటింపాతిక లాభం. నీకు కొండెక్కడానికి నలభై నిమిషాలు పడుతుందిగదా, అందులో అర నిమిషం. నాలుగు వందల గ్రాములకు పన్నెండు సెకండ్లు. సెకండుకు అయిదు వేల రూపాయలు!"

"బల్లపరుపు దారిలో లోతు రిమ్ములు గాలిని చీలుస్తాయి" అని మా వాడు పట్టు విడవలేదు.

అదిన్నీ నిజమేనని ఆమె ఒప్పుకున్నది. వేగం రెండింతలైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది, దానిని గెలవడానికి కావలసిన బలం ఎనిమిదింతలు. సైకిలు వేగానికి అసలు శత్రువు గాలే. కాని ఆ అడ్డులో ముప్పాతిక వంతు మనిషి శరీరానిది, పావువంతే సైకిలుది. "మోచేతులు వంచి, తల దించి కూర్చోవడం నేర్చుకో. ఒక్క రూపాయి ఖర్చులేదు. అది కుదిరాక చక్రాల మాట చూద్దాం" అన్నది.

"అయితే ముందేది మార్చమంటావు?"

"టైర్లు. నీవి 23 మిల్లీమీటర్ల సన్నటివి, రాయివలె గాలి కొట్టావు. పూర్వం అదే వేగమనుకునేవారు. మన రోడ్లమీద గట్టి టైరు ప్రతి గులకరాయికీ ఎగురుతుంది. ఎగిరిన ప్రతిసారీ నీ శక్తి పైకి పోతుంది గాని ముందుకు పోదు. నీ సైకిలులో పట్టేటట్లయితే 28 వేసుకో. నీ బరువుకు చదరపు అంగుళానికి సుమారు డెబ్బయి పౌనుల గాలి చాలు. నడుము నొప్పీ తగ్గుతుంది, వేగమూ తగ్గదు."

నాకు చాలా సంతోషమైంది. మా నాన్నగారు వేసవిలో "గాలి మరీ బిగించకురా, సైకిలు ఎగిరిపడుతుంది" అనేవారు. ఆయన మాట ఇన్నాళ్లకు ఒక ఇంజనీరు నోట విన్నాను.

రైల్వే పెద్దాయన సంచిలోనుంచి బడిపిల్లల అడుగుబద్ద తీశారు. "గొలుసు కొలుద్దామా?" అన్నారు. సైకిలు గొలుసుకు లంకెకు లంకెకూ మధ్య అర అంగుళం. ఇరవైనాలుగు లంకెలు సరిగా ఒక అడుగు. మేకు నడిమినుంచి మేకు నడిమికి కొలవాలి. పన్నెండు అంగుళాలకు అంగుళంలో పదహారోవంతు ఎక్కువ వస్తే గొలుసు మార్చవలసిన సమయం వచ్చినట్లు. ఎనిమిదోవంతు ఎక్కువ వచ్చిందంటే అప్పటికే అది వెనుక పళ్లనుకూడా తినేసి ఉంటుంది. గొలుసు సాగిందంటాము గాని నిజానికి ఇనుము సాగదు, లోపలి మేకులు అరిగి సందు పెరుగుతుంది. వేళకు గొలుసు మార్చినవాడికి ఒక ఖర్చు, అశ్రద్ధ చేసినవాడికి మూడు ఖర్చులు. మా వాడి గొలుసు పదహారోవంతు దాటింది. బ్యాంకి ఉద్యోగి విద్యుత్తు సైకిలుది ఎనిమిదోవంతు దాటింది! ఆయన ముఖం చూడవలసిందే.

బుద్ధి తక్కువ పని

ఇక్కడిదాకా నవ్వుతూ రాశాను. ఇకమీదిది నా తప్పు ఒప్పుకోవడం.

ఆ తరువాత నెల తిరగకముందే మా వాడు నా దగ్గరకు వచ్చి, "మామయ్యా, నలభై వేలు సర్దండి, ఆరు నెలలలో తీర్చేస్తాను" అన్నాడు. చక్రాలకని తెలుసు. వద్దని చెప్పవచ్చు. కాని కుర్రవాడు, చెడు తిరుగుళ్లు లేనివాడు, ఒక ముచ్చట పడ్డాడు, కాదనడమెందుకని యిచ్చాను. యిచ్చినవాణ్ణి ఒక్క ప్రశ్న అడగలేదు. ముప్పయ్యేళ్లు సైకిలు తొక్కినవాణ్ణి, చక్రం మార్చినవాణ్ణి "బ్రేకు మాటేమిటిరా?" అని అడగవలసినది ఆ ఒక్కటే.

వాడి సైకిలుకు బ్రేకు రిమ్మునే పట్టుకుంటుంది. అల్యూమినియం రిమ్ముకు వాడే బ్రేకు రబ్బర్లు వేరు, కార్బన్ రిమ్ముకు వాడేవి వేరు. అమ్మినవారు చెప్పలేదు, కొన్నవాడు అడగలేదు. కొత్త చక్రాలకు పాత రబ్బర్లే ఉంచి, కార్తీకమాసంలో ఒక ఆదివారం కొండ ఎక్కాడు. పన్నెండు సెకండ్లు కాదు, ఇరవై సెకండ్లు తగ్గిందట. పైనుండి నాకు ఫోను చేసి మరీ చెప్పాడు.

దిగేటప్పుడు వంపు వంపుకూ బ్రేకు పట్టుకుంటూనే వచ్చాడు. సగం దిగేసరికి ఏదో కాలిన వాసన. ఆ తరువాతి వంపులో బ్రేకు ఒక్కసారిగా పట్టి, రిమ్ము వేడికి ముందు ట్యూబు పటేలుమని పగిలింది. అదృష్టం కొద్దీ లోయవైపు పడలేదు, కొండవైపు కాలువలో పడ్డాడు. హెల్మెట్టు రెండు చెక్కలైంది, తల నిలిచింది. మెడ ఎముక విరిగింది.

హోసూరు అమ్మాయి ఆ తరువాత నాకు ఒక లెక్క చెప్పింది. ఎనభై కిలోల బరువు నాలుగు వందల మీటర్ల ఎత్తునుండి క్రిందికి వస్తే, అందులో ఉన్న శక్తి ఒక లీటరు చన్నీళ్లను మరగకాచడానికి చాలునట. కొంత గాలికి పోతుంది. మిగిలినదంతా వేడిగా మారి రెండు రిమ్ములలోకి పోవలసిందే. అల్యూమినియం ఆ వేడిని పెనమువలె అంతటా పంచి గాలికి వదిలేస్తుంది. కార్బన్ రిమ్ములో జిగురు ఉన్నది, వేడి ఉన్నచోటనే నిలిచిపోతుంది. అందుకే దానికి తగిన రబ్బర్లు వేరే ఉన్నవి. అదిగాక ఎడతెగకుండా బ్రేకు రాచుకుంటూ దిగడం ఎవరికీ మంచిది కాదు. వంపుకు ముందు రెండు బ్రేకులూ గట్టిగా పట్టి వేగం తగ్గించి, ఆ తరువాత వదిలి చక్రానికి ఊపిరి తీసుకోనివ్వాలి. డిస్కు బ్రేకులున్న సైకిళ్లలో ఈ వేడి రిమ్ముకు పోక వేరే ఇనుప బిళ్లకు పోతుంది. పందెపు రోడ్డు సైకిళ్లకు 2018లో వాటిని పూర్తిగా అనుమతించిన తరువాత అవి బాగా ప్రచారంలోకి వచ్చినవి.

ఈ విద్యంతా నాకు ఆసుపత్రి వరండాలో వచ్చింది.

మా చెల్లెలికి రెండు రోజులు చెప్పలేదు. "పని ఒత్తిడిలో ఉన్నాడమ్మా" అని ఫోనులో అబద్ధమాడాను. మూడోనాడు వాడే చెప్పేశాడు. ఆమె రైలెక్కి వచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. కొడుకు పక్కన కాసేపు కూర్చుని, వసారాలోకి వచ్చి, మూలనున్న సైకిలు చూసింది.

"ఈ చక్రాలెంత అన్నయ్యా?"

"అరవై వేలు."

"అందులో నీవెన్ని?"

"నలభై."

"మార్చవలసిన ఆ రబ్బరు ముక్కలు?"

"రెండు మూడు వేలలో వచ్చేవి."

ఆమె ఇంకేమీ అడగలేదు. లోపలికి వెళ్లి బియ్యం ఏరడానికి కూర్చున్నది. తిట్టి ఉంటే బాగుండునని నాకు ఆనాడు అనిపించింది.

పెద్దాయన చెప్పిన వరుస

ఆ ఆదివారం సైకిలు జట్టంతా వాణ్ణి చూడడానికి మా యింటికి వచ్చింది. మా చెల్లెలు అందరికీ ఉప్మా, కాఫీ పెట్టి, వరుసగా ఒక్కొక్కరినీ అడిగింది: "మీ బ్రేకులు చూసుకున్నారా, నాయనా?" పదిమందిలో నలుగురు తడుముకున్నారు. అప్పటికప్పుడు మా పెరటిలో సైకిళ్లన్నీ తలక్రిందులు చేసి పరీక్ష పెట్టారు. ముగ్గురి రబ్బర్లలో గాళ్లు పూర్తిగా అరిగిపోయి ఉన్నవి. ఒకరి టైరులో గాజుముక్క దిగి ఉన్నది.

రైల్వే పెద్దాయన అప్పుడు చెప్పిన వరుసను ఈ పత్రిక చదివే కుటుంబాలకు ఉపయోగిస్తుందని ఇక్కడ రాస్తున్నాను. మన యిళ్లలో పిల్లలు, ఆ మాటకొస్తే నడివయసువారు కూడా, ఇప్పుడీ సైకిళ్ల మోజులో ఉన్నారు గదా.

మొదటిది ఆపేది. బ్రేకు రబ్బర్లు, తీగెలు. రబ్బరు మీద గాడి కనబడుతున్నదా, అది ఈ రిమ్ముకు తగినదేనా? చక్రం మార్చిననాడు ఈ ప్రశ్న మరీ ముఖ్యం.

రెండోది నేలను తాకేది. టైర్లు. సైకిలంతటిలో నేలను అంటేది రెండు బొటనవేళ్లంత చోటు. ఆ చోటు మంచిదైతే మిగిలినదంతా సగం మంచిదైనట్లే.

మూడోది మనిషిని తాకేది. సీటు ఎత్తు చూసుకోవాలి. సీటుమీద కూర్చుని, మడమను క్రింది పెడలుమీద పెడితే కాలు సరిగా చాపబడాలి. అప్పుడు పాదం ముందుభాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొంచెం వంగుతుంది. మోకాళ్ల నొప్పులలో చాలావాటికి మందు ఈ ఒక్క మరను అటో ఇటో తిప్పడమే.

నాలుగోది గొలుసు. అడుగుబద్ద, నూనె, పాతగుడ్డ. నెలకొక్కసారి పది నిమిషాలు.

అయిదోది కొండకు తగిన గేరు. ఎక్కుడులో దిగి నెట్టవలసివస్తే వెనుక గుత్తిని పెద్ద పళ్లదానికి మార్చుకోవాలి. 28 పళ్లది తీసి 34 పళ్లది వేస్తే పెడలు చుట్టుకు ఎనిమిదిన్నర అడుగులు పోయేది ఏడడుగులకు దిగుతుంది. అయితే డిరైలరు చెయ్యి పొట్టిదైతే అంత పెద్ద చక్రాన్ని పట్టదు. కొనబోయేముందు అడిగి తెలుసుకోవాలి.

ఈ అయిదూ అయిన తరువాత చేతిలో డబ్బు మిగిలితే, అది అప్పు తెచ్చిన డబ్బు కాకపోతే, అప్పుడు తేలిక చక్రాలు, విద్యుత్తు గేర్లు.

"అవి చెడ్డవని నేననడం లేదు" అన్నారాయన. "మంచి వస్తువును చూసి సంతోషించడం తప్పు కాదు. నాకూ ముచ్చటే. కాని అవి పందెగాళ్ల అవసరాలనుండి పుట్టినవి. వారికి సెకండు అన్నం పెడుతుంది. మనకు అన్నం పెట్టేది సోమవారం ఉద్యోగం. ఆదివారం కొండకు పోయినవాడు సోమవారం ఉద్యోగానికి పోయేటట్లు ఉండాలి, అంతే."

మళ్లీ నాలుగున్నర గంటలు

మూడు నెలలకు ఎముక అతుకుకున్నది. ఆ చక్రాలను మా వాడు మరొకరికి అమ్మలేదు. అమ్మితే నలభై వేలు నాకు తీరేది. కాని వేడికి ముందు రిమ్ము అంచు ఒకచోట ఉబ్బింది. "ఇది ఇంకొకరి కొడుకు క్రిందికి పోకూడదు మామయ్యా" అని వాడే రంపంతో రెండుగా కోసివేశాడు. ఆనాడు వాడికి పెద్దరికం వచ్చిందనుకున్నాను. అప్పు మాత్రం నెలనెలా తీరుస్తూనే ఉన్నాడు.

ఇప్పుడు వాడి సైకిలుకు మళ్లీ పాత అల్యూమినియం చక్రాలే. 28 మిల్లీమీటర్ల టైర్లు వేశాడు. నేను కూడా అటకమీదినుంచి మా నాన్నగారి సైకిలు దింపించి, బ్రేకు కట్లు, టైర్లు, ట్యూబులు కొత్తవి వేయించాను. సాయంత్రాలు సంపిగె రోడ్డు దాకా వెళ్లి కూరలు తెస్తున్నాను. క్యారియరు తీయలేదు. అవ్వ మాట ప్రకారం అదొక్కటే మా సైకిలుకున్న ఘనత.

ఆదివారం నాలుగున్నర గంటలకు గడియ చప్పుడవుతుంది. ఇప్పుడు నేను పడుకుని ఉండను. వసారా దీపం వేసి నిలబడతాను. వాడు ముందు చక్రం ఎత్తి తిప్పి, బ్రేకు పట్టి చూస్తాడు. వెనుకది తిప్పి చూస్తాడు. రబ్బరు గాడిలో గోరు పెట్టి చూస్తాడు. బొటనవేలితో టైరు నొక్కుతాడు. అంతా రెండు నిమిషాల పని. తరువాత దీపాలు వెలిగించుకుని వీధిమలుపు తిరుగుతాడు.

ఆరు గంటలకు బరంపురం నుండి ఫోను వస్తుంది. మా చెల్లెలు క్షేమసమాచారాలు అడగదు. ఒకే ప్రశ్న అడుగుతుంది:

"బ్రేకులు చూసుకున్నాడా అన్నయ్యా?"

"చూసుకున్నాడమ్మా. నేను దగ్గరుండి చూశాను" అంటాను. ఈసారి అది అబద్ధం కాదు.